నిరీక్షణ కనుమను రెండుసార్లు దాటాలి



కిందటి ఎండాకాలంలో ఒక సాయంత్రం మా సంఘ సభ్యుడొకరు మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డారు. ఆయన ముప్పై యేండ్లకు పైగా బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన కార్మికుడు. తట్టా చెమ్మస్ పట్టి కోల్ ఫిల్లరుగా చేరిన మనిషి. లోపలికి రమ్మంటే రాలేదు. "అయ్యగారూ, పిల్లగాడు మూడు దినాల సంది అన్నం తింటలేడు. మీరొచ్చి ఒక్క మాట చెప్పుండ్రి" అన్నారు.

సంగతి నాకు తెలిసినదే. ఆయన చిన్న కొడుకు కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాత పరీక్ష పాసయ్యాడు. 1600 మీటర్ల పరుగులో మాత్రం కొద్ది సెకన్లలో తప్పిపోయాడు. అది రెండవసారి.

నేను బైబిలు చంకన పెట్టుకొని వెళ్లాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న ఆ అబ్బాయికి అరగంట సేపు బోధ చేశాను. మన యెదుట ఉన్న పందెమును ఓపికతో పరుగెత్తాలని చెప్పాను. ధైర్యం తెచ్చుకొమ్మన్నాను. ప్రార్థన చేసి లేచాను. అతడు ఇటు తిరగలేదు. బయటికి వస్తుంటే వాళ్ల అమ్మ వంటింట్లో, ఎవరూ ముట్టని అన్నం గిన్నె మీద మూత పెడుతూ కనబడింది. ఆ గిన్నెను చూచాను గాని, అది నాకు చెబుతున్న మాట ఆనాడు వినలేదు. కొన్ని నెలల తరువాత, సముద్రాల అవతల ఉన్న మరొక గనుల ఊరి కథ విన్నప్పుడే అది నాకు వినబడింది. ఆ కథనే ఈ నెల మీతో పంచుకొనుచున్నాను.

గని మూతపడిన ఊరు

మా సంఘములోనే సండే స్కూలు చదువుకొని పెరిగిన ఒక యౌవనస్థుడు ఇప్పుడు అమెరికాలో కొలరాడో రాష్ట్రములోని డెన్వర్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూడడానికి వచ్చాడు. "అయ్యగారూ, మన ఖని లాంటి ఊరొకటి అక్కడ చూచినాను. బొగ్గు కాదు, వేరే గని. గని బందయినాక ఆ ఊరోళ్లు ఏం చేసిండ్రో తెలుసా? పరుగు పెట్టిండ్రు" అన్నాడు. నేను నవ్వాను. అతడు నవ్వలేదు.

ఆ ఊరి పేరు లెడ్‌విల్. రాకీ పర్వతాల మధ్య, సముద్రమట్టానికి సుమారు 10,200 అడుగుల ఎత్తున ఉన్నది. మన తెలుగు నేల మీద తూర్పు కనుమలలోని ఎత్తయిన శిఖరాలే 5,500 అడుగులకు కాస్త అటూ ఇటూ. ఆ ఊరు దానికి దాదాపు రెండింతల ఎత్తున కాపురముంటున్నది. 1870ల చివరలో అక్కడ వెండి దొరికి, జనం వేలాదిగా వచ్చిపడ్డారు. వెండి పోయింది. తరువాతి కాలంలో ఊరికి అన్నం పెట్టినది దగ్గరలోని క్లైమాక్స్ గని. ఉక్కును గట్టిపరచడానికి వాడే మాలిబ్డినం అనే లోహం అక్కడ తవ్వేవారు.

1980ల మొదట్లో ఆ లోహానికి ధర పడిపోయింది. 1982లో గని మూతపడింది. మూడు వేలకు పైగా కార్మికులు పని పోగొట్టుకున్నారు. గని తప్ప వేరే బ్రతుకుతెరువు తెలియని ఊరు అది. ఇండ్లకు తాళాలు పడ్డాయి. ఆ సంగతి మనకు వివరించి చెప్పనక్కరలేదు. సింగరేణిలో 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య నేడు అందులో సగం కూడా లేదు. ఒక్కొక్క భూగర్భ గని మూతపడి ఓపెన్ కాస్టులు పెరిగిన కొద్దీ, కొడుకుకు కూడా బాయిలో పని దొరుకుతుందన్న ధీమా మన ఇండ్లలో ఎట్లా కరిగిపోయిందో మనకు తెలియును.

లెడ్‌విల్‌లో కెన్ క్లోబర్ అనే గని కార్మికుడు ఉండేవాడు. పని పోయినవారిలో అతడూ ఒకడు. అతనికి పరుగు అలవాటు. కొలరాడో కొండలలో నూరు మైళ్ల పరుగు పెట్టాలని జిమ్ బుటేరా అనే పరుగువీరునికి ఒక ఆలోచన ఉండగా, క్లోబర్ దానిని తన ఊరికి తీసికొని వచ్చాడు. అతని లెక్క చాలా సాదాది. చిన్న పందెం పెడితే వచ్చినవాళ్లు మధ్యాహ్నానికే వెళ్లిపోతారు. నూరు మైళ్ల పందెం పెడితే ఒక రోజులో ముగియదు. వాళ్లు రాత్రి ఊరిలో ఉండాలి, భోజనం చేయాలి. ఊరికి నాలుగు డబ్బులు వస్తాయి. ఇంత ఎత్తున అంత దూరం పరుగెత్తిస్తే మనుషులు చస్తారని ఆసుపత్రి పెద్ద ఒకరు హెచ్చరించారని కూడా చెబుతారు.

అయినా 1983లో మొదటి పందెం జరిగింది. 45 మంది బయలుదేరారు. 10 మంది గమ్యం చేరారు.

నూరు మైళ్ల దారి

నూరు మైళ్లంటే 161 కిలోమీటర్లు. మన కరీంనగర్ నుండి హైదరాబాదుకు ఉన్నంత దూరం. అదీ రాజీవ్ రహదారి వంటి తారురోడ్డు కాదు. అడవి బాటలు, రాళ్లు, వాగులు, కొండ ఎక్కుళ్లు. ఇట్లాంటి దానిని ట్రైల్ అల్ట్రామారథాన్ అంటారు. 42 కిలోమీటర్ల మారథాన్‌ను మించినదేదైనా అల్ట్రామారథానే. మన దేశములో కూడా లడఖ్ కొండలలో 2010లో 222 కిలోమీటర్ల లా అల్ట్రా పరుగు మొదలైంది. ఆ మొదటి యేడు చివరి వరకు చేరినవాడు మార్క్ కాక్‌బెయిన్ ఒక్కడే.

లెడ్‌విల్ పరుగు ఆగస్టు నెలలో ఒక శనివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు తుపాకీ మోతతో మొదలవుతుంది. చలి, చీకటి. ప్రతివారి నుదుటి మీద ఒక దీపం. వందలాది దీపాలు వరుసగా కొండదారిలో కదులుతుంటే చూచి, ఆ అబ్బాయికి వాళ్ల నాన్న క్యాపు లాంపు గుర్తుకొచ్చిందట. "అయ్యగారూ, బాయిలకు దిగే షిఫ్టోళ్లలాగనే ఉన్నరు" అన్నాడు.

దారి ఏబది మైళ్లు పోయి, ఎవరూ కాపురముండని విన్‌ఫీల్డ్ అనే పాత గనుల పల్లె దగ్గర తిరిగి, వచ్చిన దారినే మరి ఏబది మైళ్లు వెనుకకు వస్తుంది. మొత్తానికి 30 గంటల గడువు. మధ్యలో ప్రతి మజిలీకీ ఒక గడువున్నది. దాటలేనివారి చేతికి కట్టిన పట్టీని అక్కడే కత్తిరిస్తారు. అంతటితో ఆ యేటి పరుగు ముగిసినట్లే. మొదలుపెట్టినవారిలో దాదాపు సగం మంది గమ్యం చేరరు.

ఈ దారిలో అన్నిటికన్న కష్టమైన చోటు ఒక కనుమ. దాని ఎత్తు 12,600 అడుగులు. అక్కడ ఒక్క శ్వాసలో దొరికే ప్రాణవాయువు మన ఊరిలో దొరికే దానిలో మూడింట రెండు వంతులే. ట్విన్ లేక్స్ అనే మజిలీ నుండి దానికి దాదాపు 3,400 అడుగులు ఎక్కాలి. గొప్ప గొప్ప పరుగువీరులు కూడా అక్కడ పరుగెత్తరు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని నడుస్తారు.

ప్రియులారా, ఆ కనుమ పేరు హోప్ పాస్. మన మాటల్లో నిరీక్షణ కనుమ. వెళ్లేటప్పుడు ఒకసారి దాటాలి. విన్‌ఫీల్డ్ దగ్గర తిరిగి, రెండవసారి దాటాలి. తిరుగు ప్రయాణంలో ఎక్కుడు ఇంకా నిటారుగా ఉంటుంది. కాళ్లు అప్పటికే అలసి ఉంటాయి. ముందు రాత్రి ఉంటుంది. ఒకసారి దాటాను గనుక అయిపోయిందనుకొన్నవాడు అక్కడే కూలబడతాడు.

ఆకలిని లెక్కపెట్టే పరుగు

పరుగంటే వేగమని మనం అనుకుంటాము. ఇంత దూరపు పరుగులో మొదటి లెక్క వేగం కాదు, ఆహారం. మన కండరాలలోను కాలేయములోను దాచియుండే పిండిపదార్థపు శక్తి సుమారు 2,000 కేలరీలు. గట్టిగా పరుగెత్తితే అది ముప్పై కిలోమీటర్ల చుట్టుపక్కల అయిపోతుంది. ఒంటిలోని కొవ్వు చాలా దూరం వస్తుంది గాని, అది నెమ్మదిగా మండుతుంది. అందుచేత పరుగెత్తేవాడు గంట గంటకూ ఏదో ఒకటి తింటూనే ఉండాలి. ఆకలి లేకపోయినా తినాలి. వాంతి వచ్చినా కాసేపు ఆగి మళ్లీ తినాలి. నీళ్లు తాగాలి. అయితే ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే మితిమీరి తాగితే రక్తములో ఉప్పు పలచబడి ప్రాణానికే ముప్పు వస్తుంది.

కాబట్టి దారి పొడవునా ఊరివాళ్లు మజిలీలు పెట్టుకొని కూర్చుంటారు. వేడి సూపు, ఉడికించి ఉప్పద్దిన ఆలుగడ్డలు, పుచ్చకాయ ముక్కలు, నీళ్లు, కంబళ్లు. నిరీక్షణ కనుమ కింద ఉన్న మజిలీకి బండ్లు పోవు. ఒంటెకు దూరపు చుట్టమైన లామా అనే జంతువుల వీపు మీద సామాను మోయించి చేరుస్తారు. ప్రతి మజిలీలో ప్రతి ఒక్కరి నంబరు రాసుకొంటారు. బాయి మీద లాంపు రూములో ఒక దీపం తిరిగి రాకపోతే ఆ మనిషి కోసం వెదికినట్లే, ఒక నంబరు రాకపోతే ఆ కొండల్లో వెదకడానికి పోతారు.

మన కుర్రవాడు అట్లాంటి ఒక మజిలీలో స్వచ్ఛందంగా పనిచేశాడు. అక్కడ పాతకాలపు పెద్దామె ఒకామె అతనికి మొదటే చెప్పిన మాట ఇది. వచ్చినవాళ్లకు బోధ చేయవద్దు. ఇంకా ఎంత దూరం ఉందో చెప్పవద్దు. ముందు కూర్చోబెట్టు, చేతికి గిన్నె ఇయ్యి. తిన్నాక వాళ్లే లేస్తారు.

ఈ మాట విన్నప్పుడు, సహోదరులారా, నాకు ఆ వంటింటిలోని మూతపెట్టిన గిన్నె కళ్ల ముందు నిలిచింది.

టైరు చెప్పుల వీరులు

ఈ పందెంలో ఎవరు గెలుస్తారు? ఖరీదైన బూట్లు ఉన్నవారేనా? మెక్సికో దేశములోని లోతైన కొండ లోయలలో తరాహుమారా అనే గిరిజనులు ఉన్నారు. చెక్క బంతిని కాలితో తన్నుకుంటూ కొండల మీద గంటల తరబడి పరుగెత్తడం వాళ్ల పాత ఆచారం. 1992లో వాళ్లు కొందరు లెడ్‌విల్‌కు వచ్చారు. కొత్త చోటు, కొత్త పద్ధతి. ఒక్కరు కూడా గమ్యం చేరలేదు. అంతటితో ఆ కథ ముగిసిందని చూచినవాళ్లు అనుకొని ఉంటారు.

1993లో వాళ్లు మళ్లీ వచ్చారు. పాత టైర్లను కోసి తోలు తాళ్లతో కట్టుకున్న చెప్పులు. మన పల్లెల్లో మన తాతలు తొడిగినవాటివంటివే. ఆ యేడు అందరికన్న ముందు వచ్చినవాడు విక్టోరియానో చురో. అతని వయస్సు 55 సంవత్సరాలు. ఆ వయస్సులో మన బాయి కార్మికులు రిటైర్మెంటు దినాలు లెక్కపెట్టుకుంటారు. మరుసటి యేడు 1994లో అదే జాతివాడైన హువాన్ హెరేరా గెలిచాడు. రెండవదిగా వచ్చినది పురుషుడు కాదు, ఆన్ ట్రేసన్ అనే స్త్రీ.

వీళ్లెవరూ మొదటి మైలులో గెలవలేదు. మొదట ఉరికినవారు చాలామంది మధ్యలోనే కనబడకుండా పోతారు. ఎక్కుడు వస్తే నడవడం, పల్లం వస్తే ఉరకడం, మజిలీ వస్తే తినడం. ఇదే వాళ్ల విద్య.

బరువు మోసే తోడు

ఆ పందెంలో ఇంకొక ఆచారమున్నది. రెండవ సగంలో పరుగెత్తేవారి పక్కన ఒక తోడు మనిషి పోవచ్చును. చాలా పందెములలో తోడువాడు పక్కన నడవవచ్చును గాని బరువు మోయరాదు. లెడ్‌విల్‌లో మాత్రం నీళ్ల సీసా, తిండి, చలికోటు అతడు మోయవచ్చును. పాత గని కార్మికుల సామాను కంచర గాడిదలు మోసేవి గనుక, వాటి జ్ఞాపకార్థంగా ఈ నియమం నిలిచిందని చెబుతారు. ఒకరి భారములనొకరు భరించాలని గలతీయులకు పౌలు రాసిన మాట మన గోడ క్యాలెండర్ల మీద ఉన్నది. అక్కడ గనుల ఊరివాళ్లు దానిని పందెపు నియమంగానే పెట్టుకున్నారు.

తోడువాడు పరుగెత్తేవాని బదులు ఒక్క అడుగు కూడా వేయలేడు. ఆ అడుగులు అతనివే. కాని చీకటిలో పక్కన ఇంకొక దీపం కదులుతూ ఉంటుంది.

గడువు ముగిసేది ఆదివారం ఉదయం పది గంటలకు. మన సంఘములలో ఆరాధన మొదలయ్యే వేళ. ఆ సమయానికి ఊరు ఊరంతా వీధి చివర చేరుతుంది, గెలిచినవాడిని చూడడానికి కాదు. అతడు ముందు రోజే వచ్చేశాడు. ఇరవై తొమ్మిది గంటలు దాటి కుంటుకుంటూ వచ్చే చివరివారి కోసం. క్లోబర్‌తో కలిసి పందెం నడిపిన మెరిలీ మాపిన్ అనే ఆమె యేండ్ల తరబడి ఆ గీత దగ్గర నిలబడి వచ్చినవారిని కౌగిలించుకొనేది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పరుగు పందెం గనికి బదులు కాలేదు. మూడు వేల ఉద్యోగాలను అది తిరిగి ఇవ్వలేదు. 2010లో నిర్వాహకులు దానిని లైఫ్ టైమ్ అనే పెద్ద కంపెనీకి అమ్మారు. క్లైమాక్స్ గని 2012లో మళ్లీ తెరుచుకొన్నది గాని, పూర్వమున్నంత మందికి పని లేదు. అయినా ఆగస్టు వస్తే ఆ ఊరి సత్రాలు నిండుతాయి. ఆ పందెం పేరున ఏర్పడిన లెగసీ ఫౌండేషన్ ఊరి హైస్కూలు పిల్లల పై చదువులకు సాయం చేస్తున్నది. ఊరు చావలేదు. అదే వాళ్ల సాక్ష్యం.

ఏలీయాకు దొరికిన రొట్టె

ఈ కథ విన్న రాత్రి నేను రాజుల మొదటి గ్రంథము తెరిచాను. 18వ అధ్యాయము చివర ఏలీయా అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తాడు. అంతటి బలవంతుడు 19వ అధ్యాయములో, ఎడారిలో ఒక చెట్టు కింద పడి, ఇక చాలు, నన్ను చావనిమ్మని దేవుని అడుగుతున్నాడు. నిరీక్షణ కనుమను ఒకసారి దాటి, రెండవ ఎక్కుడు దగ్గర కూలినవాడు.

దేవదూత వచ్చి ఏమి చేశాడో చూడండి. గద్దించలేదు. బోధ చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, పక్కన నీళ్లు. తిన్నాడు, మళ్లీ పడుకొన్నాడు. లేపి, రెండవసారి కూడా తినిపించాడు. దారి నీ శక్తికి మించినదని ఒప్పుకొన్నాడు. ఆ బలముతో అతడు నలుబది దినములు నడిచి హోరేబుకు చేరాడు. ప్రశ్న అడుగుట, ఆజ్ఞ ఇచ్చుట, ఇవన్నీ ఆ కొండ దగ్గర, తరువాత. ముందు రొట్టె.

నేను ఆ ఇంటికి ముందు బోధ తీసికొని వెళ్లాను. ఇరవై యేండ్లుగా కాపరిని. వేదాంత విద్యలో డిప్లొమా చదివినవాడను. ఆ తల్లికి తెలిసినంత నాకు తెలియలేదు.

మన ఊరి మాట

తరువాతి శనివారం మా ఇంటావిడ చపాతీలు, ఆలుగడ్డ కూర చేసి ఇచ్చింది. ఈసారి నా చేతిలో టిఫిన్ క్యారియర్ ఒక్కటే ఉన్నది. ఆ అబ్బాయి పక్కన కూర్చొని నేను కూడా తిన్నాను. పరుగు మాట ఎత్తలేదు. చాలా సేపటికి అతడే అన్నాడు, "అయ్యగారూ, నాయిన నా మొకం జూస్తలేడు."

బయట గోడకానుకొని కూర్చున్న తండ్రిని అడిగాను. ఆయన కళ్లు తుడుచుకొని, "వాని మొకం జూస్తె నాకు ఏడుపొస్తది అయ్యగారూ, అందుకే జూడ" అన్నారు. ఒకే కప్పు కింద ఇద్దరూ ఒకరి బాధను ఒకరు కోపమనుకొని నెలల తరబడి గడిపారు. ఆ సాయంత్రం నేను వాళ్లకు లెడ్‌విల్ కథ చెప్పాను. టైరు చెప్పుల ముసలాయన దగ్గర తండ్రి నవ్వారు.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఇంకా తెల్లవారక ముందే ఆ అబ్బాయి, సంఘములోని మరి ముగ్గురు యౌవనస్థులు గోదావరి వైపు దారిలో పరుగెత్తుతున్నారు. మలుపు దగ్గర రిటైరైన ఆ కార్మికుడు పాత సైకిలు ఆనించుకొని, ఉప్పు, నిమ్మకాయ పిండిన నీళ్ల సీసాతో నిలబడతాడు. మంచు పడే రోజుల్లో టార్చిలైటు పట్టుకొని వస్తాడు. రెండవ కొసన చేతి గడియారం పట్టుకొని నేనుంటాను. ఇది రాసే నాటికి ఆ అబ్బాయికి ఉద్యోగం రాలేదు. మళ్లీ నోటిఫికేషన్ వస్తే పాసవుతాడని నేను మీకు మాట ఇవ్వలేను. కాని తండ్రీ కొడుకులు ఒకే దగ్గర కూర్చొని అన్నం తింటున్నారు.

ప్రియ పాఠకులారా, మీ ఇంటిలోనో పక్క ఇంటిలోనో ఇట్లా గోడవైపు తిరిగి పడుకున్నవారు ఉన్నారేమో చూడండి. పంట పోయిన రైతు కావచ్చు. పరీక్ష తప్పిన ఆడపిల్ల కావచ్చు. పని పోయిన కాంట్రాక్టు కార్మికుడు కావచ్చు. సలహా చెప్పడానికి తొందరపడకండి. అయిదు మాటలు తక్కువ చెప్పి ఒక గిన్నె ఎక్కువ పెట్టండి. రెండు మూడు రోజులుగా అన్నము, నిద్ర లేనివారిని ఒంటరిగా విడిచిపెట్టకండి. డాక్టరు దగ్గరకు తీసికొని పోవలసి వస్తే మీరే వెంట నడవండి. మీలో పడిపోయినవారున్న యెడల, ఎవరైనా గిన్నె తెస్తే సిగ్గుపడక అందుకొనండి. ఏలీయా అంతటివాడే అందుకొన్నాడు.

నిరీక్షణ కనుమను ఒకసారి దాటినవారికి మనం చప్పట్లు కొడతాము. రెండవసారి ఎక్కేవారికి చప్పట్లు చాలవు. వారికి నీళ్లు కావాలి, వారి పక్కన ఒక దీపం కావాలి. ఆ దీపం పట్టుకొనే పని ప్రభువు మనకు అప్పగించియున్నాడు.